చెరువు హద్దు ఎక్కడ?

మా బంధువులలో ఒకాయన ఉద్యోగ విరమణానంతరము పాలమూరు ప్రాంతములోని ఒక చిన్న పట్టణమున ఇంటిస్థలము కొనెను. కొన్నది చైత్రమాసమున. నేల గట్టిగా ఉన్నది. సున్నము పూసిన రాళ్లు వరుసగా పాతి ఉన్నవి. చెరువుకట్ట ఎక్కడనో దూరమున గీతవలె కనబడుచున్నది. చెరువు అంత దూరమున ఉండగా మనకేమి భయమని ఆయన తలచెను. ఆశ్వయుజమున అలుగు పారిన నాడు స్థలము చూచి వచ్చుటకు పోగా, సున్నపురాళ్ల తలలు మాత్రము నీటిపైన కనబడెను. అమ్మినవాని పట్టా నిజమే, రిజిస్ట్రేషను నిజమే. అయినను ఆ నేలమీద ఇల్లు కట్టరాదు. ఆయన కొన్నది భూమియే, కాని చెరువు లోపలి భూమి.

ఇట్టి అనుభవము ఒక్క ఇంటిది కాదు. కనుక చెరువునకు, వాగునకు, నదికి హద్దును చట్టము ఎట్లు నిర్ణయించునో, ఆ హద్దును నేలమీదను పటముమీదను ఎట్లు గుర్తింతురో కొంచెము విచారింతము. 2016 అక్టోబరు 11వ తేదీన మహబూబ్‌నగరు జిల్లా నుండి వేరుపడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు ఈ విచారణకు మిక్కిలి అనువైన తావులు. ఒకవైపు కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డ. వేరొకవైపు ఊకచెట్టు వాగు, దుందుభి మున్నగు వానకాలపు వాగులు. ఆ నడుమ సంస్థానముల కాలము నుండి నిలిచియున్న చెరువులు, కుంటలు. శ్రీరంగాపురమున రంగనాయకస్వామి గుడి చెంతనున్న రంగసముద్రము వంటి జలాశయములకు మన పెద్దలు సముద్రములని పేరు పెట్టిరి. ఆ పేరులోనే నీటియెడ వారికి గల గౌరవము తెలియుచున్నది.

చెరువనగా నీరు కనబడునంత మేర అని సామాన్యముగా మనము తలంతుము. ఇది సరికాదు. మాఘమున ఒక చోట, జ్యేష్ఠమున మరియొక చోట, భాద్రపదమున ఇంకొక చోట నీటి అంచు ఉండును. రోజురోజునకు జరిగెడు గీతను హద్దుగా ఎంచుట సాధ్యము కాదు. కావున ఇంజనీరులు చెరువులో కదలని వస్తువు నొకదానిని ఆధారముగా తీసికొనిరి. అదియే అలుగు. చెరువు నిండి, ఇక పట్టదన్నప్పుడు అదనపు నీరు ఏ గట్టు మీదుగా పొరలి పోవునో ఆ గట్టు తల ఎత్తే చెరువునకు పూర్తి నీటిమట్టము. ఆంగ్లపదముల పొడి అక్షరములతో జనులు దీనిని ఎఫ్‌.టి.ఎల్‌. అనుచున్నారు. అలుగు తలతో సమానమైన ఎత్తుగల బిందువులను చెరువు చుట్టును లెవెలు యంత్రముతో కనుగొని, వానిని కలుపుకొని పోయినచో ఒక వంకర గీత ఏర్పడును. ఆ గీతకు లోపలిదంతయు చెరువే. నీరున్నను చెరువే, లేకున్నను చెరువే. జొన్న పండినను చెరువే, పిల్లలు బంతియాట ఆడినను చెరువే.

ఈ గీత ఎంత సున్నితమైనదో ఒక చిన్న లెక్కవలన తెలియును. మన ప్రాంతమున చెరువు పైభాగపు నేల చాల మెల్లగా ఎత్తు పెరుగును. నూరు అడుగుల దూరమునకు ఒక అడుగు చొప్పున లేచెడు నేలయందు అలుగు ఎత్తును ఒక్క అడుగు తగ్గించినచో నీటి అంచు నూరు అడుగులు వెనుకకు పోవును. చెరువు చుట్టును అట్లు వెనుకకు పోయిన నేలను లెక్కించిన ఎన్ని ఎకరములగునో ఊహింపవచ్చును. అలుగును రాత్రివేళ పగులగొట్టువారు, తూము తలుపు ఎత్తి నీరు వృథాగా పోనిచ్చువారు ఈ లెక్క తెలిసినవారే. అందుచేతనే హద్దును నిర్ణయించునపుడు నేడు పగిలియున్న అలుగును కాక, రికార్డులో వ్రాసియున్న మట్టమును చూడవలెను. పూడిక పడుటచేత చెరువు లోతు తగ్గునేకాని అలుగు మట్టము మారదు, హద్దును మారదు.

వనపర్తి జిల్లాలోని సరళాసాగరము ఈ విషయమును చక్కగా బోధించును. వనపర్తి సంస్థానాధీశులైన రాజా రామేశ్వరరావు తమ తల్లిగారి పేరిట తలపెట్టిన ఈ జలాశయమునకు 1949లో శంకుస్థాపన జరిగెను. 1959లో ప్రారంభోత్సవము జరిగెను. దీనికి సైఫను పద్ధతి నమర్చిరి. నీరు నిర్ణీతమైన మట్టమును దాటగానే, మనిషి చేయి తగులకయే, సైఫనులు తమంతట తాము తెరచుకొని అదనపు నీటిని వెలుపలికి లాగివేయును. మట్టము తగ్గగానే ఆగిపోవును. పూర్తి నీటిమట్టమనునది కాగితముమీది అంకె కాదని, నీరు తానే పాటించెడు నియమమని దీనివలన స్పష్టమగును. 2019 డిసెంబరు 31న ఈ జలాశయపు కట్ట తెగి నీరంతయు పోయెను. కట్టను మరల నిర్మించిరి. నీరు లేని ఆ దినములలో దాని గర్భము చెరువు కాకపోయెనా? కట్ట తెగిన చెరువునకు సైతము హద్దు ఉండును. కట్ట తిరిగి లేచిననాడు నీరు తన చోటికి తాను వచ్చును.

ఇక చట్టము మాట. 2012 ఏప్రిల్ 7న 168వ నంబరు ఉత్తర్వుగా వెలువడి, తెలంగాణమున నిలిచిన భవననిర్మాణ నియమములు పట్టణములకును, ప్రణాళికలలో చేరిన ప్రాంతములకును వర్తించును. వీని ప్రకారము నది గర్భమునను, నాలా గర్భమునను, చెరువు కుంటల పూర్తి నీటిమట్టపు హద్దు లోపలను, శిఖము భూములలోను కట్టడము పనికిరాదు. అంతటితో ఆగక, ఆ హద్దునకు వెలుపల కొంత మేర ఖాళీగా విడువవలెనని నియమము. దీనినే బఫరు జోను అనుచున్నారు. 10 హెక్టార్లు, అనగా ఇంచుమించు 25 ఎకరములు, అంతకు మించిన చెరువులకు 30 మీటర్లు. అంతకు చిన్నవగు చెరువులకు, కుంటలకు 9 మీటర్లు. 10 మీటర్లకు మించిన వెడల్పుగల వాగు, కాలువ, నాలాలకు 9 మీటర్లు. అంతకు సన్ననివానికి 2 మీటర్లు. నదికి పురపాలక పరిమితి లోపల 50 మీటర్లు, వెలుపల 100 మీటర్లు. ఈ కొలతలు నీటి అంచు నుండి కాక, నిర్ణీతమైన హద్దు నుండి మొదలగునని గుర్తుంచుకొనవలెను.

ఇచ్చట గృహస్థులు తరచుగా పొరబడెడు విషయ మొకటి కలదు. యాజమాన్యము వేరు, వినియోగము వేరు. నిజాము కాలమున 1317 ఫసలీలో, అనగా 1907లో వచ్చిన భూమిశిస్తు చట్టము నదులు, వాగులు, చెరువులు, కుంటలు, ఇతరులకు హక్కు రుజువైనవి తప్ప, ప్రభుత్వపు సొత్తని చెప్పినది. ఆ మినహాయింపు వలన చెరువు గర్భములో సైతము పట్టాభూములు కొన్ని ఉన్నవి. వీనిని శిఖం పట్టాలందురు. నీరు తీసిన పిమ్మట ఆ తేమమీద పైరు పెట్టుకొనుటకు రైతునకు హక్కు కలదు. కాని మట్టి పోసి ఎత్తు చేయుటకు గాని, ఇల్లు కట్టుటకు గాని హక్కు లేదు. కావున పట్టాకాగితము సరిగా నున్నదని చెప్పినంత మాత్రమున ఇల్లు కట్టవచ్చునని అర్థము కాదు. మా బంధువు మోసపోయినది ఈ భేదము నెరుగకయే.

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టమును వాల్టా అని వ్యవహరింతురు. ఆ చట్టపు 23వ సెక్షను చెరువులను, కుంటలను, వాని నాలాలతో సహా రక్షిత ప్రాంతములుగా ప్రకటించుటకును, హద్దులను శాశ్వతముగా గుర్తించుటకును, ఆక్రమణలను తొలగించుటకును అధికార మిచ్చుచున్నది. చెరువుతోబాటు నాలాను చెప్పుట అర్థవంతము. చెరువును కాపాడి, దానికి నీరు తెచ్చెడు వాగును పూడ్చినచో నోరు కట్టివేసి అన్నము వడ్డించినట్లుండును.

నదుల విషయమున గీత మరింత కఠినమైనది. గద్వాల సమీపమున కృష్ణపైనున్న జూరాల జలాశయపు పూర్తిమట్టము సముద్రమట్టమునకు 1045 అడుగులు. దిగువనున్న శ్రీశైలమునకు 885 అడుగులు. ఈ 885 అడుగుల గీత మన పాలమూరువారికి కేవలము అంకె కాదు. ఆ గీతకు దిగువన పడిన కారణముననే కృష్ణాతీరపు గ్రామములు అనేకము ఖాళీ అయినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి ఆలంపురమునకు చేర్చిరి. నేటికిని వేసవిలో నీరు తీసినపుడు పాత ఊళ్ల పునాదులు బయటపడుచుండును. 2009 అక్టోబరు మొదటి దినములలో వచ్చిన వరద ఆ గీతను పది అడుగులకు పైగా దాటెను. ఆలంపురము, కర్నూలు నీట మునిగెను. పూర్తిమట్టపు గీత నీటికి నిత్యనివాసము. వరదమట్టము దాని అతిథిగృహము. అతిథి ఎన్నడో ఒకనాడు వచ్చును గనుకనే గీత వెలుపల ఖాళీస్థల ముండవలెను.

అంతర్జాతీయముగా 1971 ఫిబ్రవరి 2న ఇరానులోని రామ్‌సర్‌ పట్టణమున కుదిరిన ఒడంబడిక చిత్తడినేలలకు విశాలమైన నిర్వచన మిచ్చినది. సహజమైనను కృత్రిమమైనను, శాశ్వతమైనను తాత్కాలికమైనను, నిలిచినదైనను పారునదైనను, నీటితో కూడిన నేల చిత్తడినేలయే. మన దేశము 1982లో దీనిలో చేరెను. కాని 2017 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము చేసిన చిత్తడినేలల నియమములు నదీగర్భములను, వరిపొలములను, సాగునీటి కొరకే నిర్మించిన కట్టడములను నిర్వచనము నుండి తొలగించినవి. మన చెరువులు అధికభాగము సాగునీటి కొరకు మనుష్యులు కట్టినవే కదా! పక్షులు వచ్చి వాలునపుడు ఇది ప్రకృతిసిద్ధమా, మనుష్యకృతమా అని అడుగవు. కాని చట్టము అడుగును. కావున మన చెరువునకు రక్షణ ప్రధానముగా వాల్టా, భూమిశిస్తు చట్టము, భవన నియమములనుండియే లభింపవలెను. స్వాభావికమైన సరస్సునకు ఉదాహరణము ఆంధ్రప్రదేశములోని కొల్లేరు. 1999లో ప్రభుత్వము దానిని 5వ కాంటూరు వరకు, అనగా సముద్రమట్టముకంటె 5 అడుగుల ఎత్తు గీత వరకు, అభయారణ్యముగా ప్రకటించెను. అచ్చటను వివాదమంతయు ఒక గీత చుట్టునే తిరిగినది.

ఇక పటముల సంగతి. అహమ్మదాబాదులోని అంతరిక్ష ఉపయోగ కేంద్రము ఉపగ్రహ చిత్రముల ఆధారమున 2011లో చిత్తడినేలల జాతీయ పటసంపుటమును వెలువరించెను. అందు 2.25 హెక్టార్లకు మించినవి దేశమున 2,01,503 గుర్తింపబడినవి. వానిని రక్షింపవలెనని 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించెను. ఇది మహోపకారమే. కాని ఆ పటములు 50,000 వంతుల పరిమాణమున గీసినవి. నేలమీది 30 మీటర్లు వానిలో మిల్లీమీటరులో సగమునకు కొంచెము మించును. కలము గీత మందమే అంత ఉండును. అట్టి పటమున చెరువు ఉన్నదని తెలియును కాని, ఇంటిగోడ హద్దునకు లోపలనా వెలుపలనా అన్నది తెలియదు. దానికి గ్రామనక్షా, సేత్వారు, పహాణీలు కావలెను. గద్వాల, వనపర్తి సంస్థానములుగా నుండి పాత పద్ధతుల పరిపాలన నడచిన తావులు. గద్వాల, ఆలంపురము తాలూకాలు 1956 వరకు రాయచూరు జిల్లాలో ఉండెను. అందుచేత పాతకాగితము వెదకుట కొన్నియెడల శ్రమయే. గ్రామనక్షా భూమి విస్తీర్ణమును చెప్పును, ఎత్తును చెప్పదు. ఇంజనీరు లెవెలు ఎత్తును చెప్పును, సర్వే నంబరును చెప్పదు. రెండును ఒకదానిపై నొకటి ఉంచి, నేలమీద రాయి పాతిననాడే హద్దు పూర్తియైనది.

ఈ ఖాళీనేల ఎందులకని కొందరు ఆక్షేపింతురు. వానకాలపు మురికి ఆ గడ్డినేలలో ఇంకి వడగట్టబడును. బావులలో నీరు ఊరును. అలుగు పారిన నీటికి ఇండ్ల నడుమ తోవ ఉండును. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రము 1966లోనే సరస్సులకు 1000 అడుగులు, నదులకు 300 అడుగులు తీరప్రాంతముగా ఎంచి, ఆ మేరలోని కట్టడములకు ప్రత్యేక నియమములు చేసెను. మన 30 మీటర్లు ఆ లెక్కన అధికము కాదు.

స్థలము కొనదలచిన గృహస్థులకు నా మనవి నాలుగు మాటలు. స్థలమును ఒకమారు వేసవిలోను, ఒకమారు అలుగు పారునపుడును చూడుడు. గ్రామనక్షా తీసికొని ఆ సర్వే నంబరు ప్రక్కన నాలా గీత ఉన్నదేమో పరిశీలింపుడు. తహసీలుదారు కార్యాలయమునను నీటిపారుదల శాఖలోను పూర్తి నీటిమట్టపు హద్దును వ్రాతమూలకముగా అడుగుడు. అన్నిటికిని మించి, ఆ ఊరి వృద్ధులను విచారింపుడు. అలుగు ఎక్కడ పారునో, ఏ ఏట నీరు ఎంతవరకు వచ్చెనో వారికి తెలిసినంత ఏ పటమునకును తెలియదు.

మా బంధువు ఆ స్థలమును ఎవరికిని అమ్మలేదు. తాను మోసపోయినట్లు మరియొకరు మోసపోరాదని ఆయన ఉద్దేశము. నీరు తీసిన పిమ్మట ఆ నేలను ప్రక్కపొలము రైతునకు ఇచ్చి అనుములు వేయించుచున్నాడు. సున్నపురాళ్లను మాత్రము పెరికించివేసెను. చెరువు తన హద్దును తాను ఎరుగును. మనము ఎరుగుటయే మిగిలియున్నది.