మడమలో తడి నిలిచేదెలా?

చేవెళ్ల, మొయినాబాద్, షాబాద్ మండలాల్లో కూరగాయలు, పూలు పండించే ఆడవాళ్ల కాళ్లు పొద్దున తడిమట్టిలో నానుతాయి, మధ్యాహ్నానికి ఎండకు బిగుసుకుపోతాయి. చందనవెల్లి పారిశ్రామికవాడ వచ్చాక అక్కడే సిమెంటు నేల మీద నిలబడి చేసే పనులూ మొదలయ్యాయి. పని ఏదైనా మడమ మీద భారం తప్పదు. అది పగిలితే మాత్రం మురికి అంటారు, అశ్రద్ధ అంటారు, రాయి తీసుకుని రక్తం వచ్చేదాకా రుద్దుతారు. కష్టపడే మనిషిని ఇలా నిందించడం అన్యాయం. పైగా ఎంత గట్టిగా రుద్దితే పగులు అంత లోతవుతుంది.

అరికాలి చర్మానికి చెమట గ్రంథులున్నాయి గానీ నూనె గ్రంథులు లేవు. మందంగా ఉండే పైపొరను మెత్తగా ఉంచేది అందులో నిలిచే నీరే. నానిన చర్మం ఆరేటప్పుడు సొంత తేమనూ పోగొట్టుకుని గట్టిపడుతుంది. అడుగు పడ్డప్పుడల్లా మడమలోని కొవ్వు పక్కలకు ఒత్తుకొస్తుంది, వెనక పట్టీ లేని చెప్పు దాన్ని ఆపలేదు. సాగలేని చర్మం అక్కడ ఎండిన నల్లరేగడిలా నెర్రెలిస్తుంది. కాబట్టి నీళ్లొక్కటే చాలవు, నూనె ఒక్కటే చాలదు. రాత్రిపూట కాళ్లు పావుగంట గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డ చర్మాన్ని తేలిగ్గా అరగదీసి, చెమ్మ ఆరకముందే వాజలిన్ పట్టించి నూలు సాక్సులు వేసుకోవాలి. చర్మం బాగా మందమెక్కితే 10 నుంచి 25 శాతం యూరియా ఉన్న క్రీము మందుల దుకాణంలో దొరుకుతుంది. యూరియా నీటిని పట్టి ఉంచుతుంది, గట్టిపొరను వదులు చేస్తుంది. అలాగని చేనుకు చల్లే యూరియాను కలిపి రాసుకోకూడదు, పుండు పడొచ్చు.

అమ్మమ్మలు ఆముదంతో, మైనంతో నెట్టుకురాలేదా అంటే, వచ్చారు. అవి ఉన్న తడిని కాపాడతాయి, లేని తడిని తేలేవు. ఎండిన మడమకు ఎంత పూసినా ఫలితం అంతంతే. చెప్పులేసుకుని బురదలో దిగలేం కదా అన్న మాటా నిజమే. దిగొద్దని ఎవరూ అనరు. గట్టెక్కి కాళ్లు కడుక్కోగానే కాస్త వాజలిన్ రాసుకుంటే చాలు, దానికయ్యే ఖర్చూ తక్కువే.

షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. నరాలు దెబ్బతింటే కాలికి చెమట తగ్గుతుంది, చర్మం ఎండుతుంది, నొప్పీ తెలియదు. చిలుకూరు గుడిలో ఉత్తకాళ్లతో 108 ప్రదక్షిణలు చేసొచ్చిన మనిషికి మడమ చీలిన సంగతే తెలియకపోవచ్చు. అలాంటివాళ్లు కాళ్లు నానబెట్టకూడదు, బ్లేడు అసలే తాకించకూడదు, రోజూ అద్దంలో అరికాళ్లు చూసుకోవాలి. ఎర్రబడినా, చీము పట్టినా అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. షుగర్ లేదనుకునేవాళ్లు కూడా రెండు మూడు వారాలు శ్రద్ధ తీసుకున్నా పగుళ్లు మానకపోతే షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోవాలి. పొట్టు రాలుతూ దురద పెడుతుంటే ఫంగస్ కావచ్చు, దానికి క్రీము వేరు. 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగర్ పరీక్ష ఉచితమే.