గోండులు తమ చరిత్రను ఎవరినడుగుతారు?

ఒక జాతి తన సాంస్కృతిక వారసత్వాన్ని తెలుసుకోదలిస్తే ఎక్కడికి వెళ్తుంది? గ్రంథాలయానికని మనం వెంటనే జవాబు చెబుతాం. అక్షరం మన చేతిలో ఉంది గనుక ఆ జవాబు తోస్తుంది. ఆదిలాబాద్ గోండుల విషయంలో అది సగం కూడా నిజం కాదు.

గోండు తన వంశగాథ కోసం పర్ధాన్‌ను ఆశ్రయిస్తాడు. కిక్రి వాయిస్తూ దేవతల కథలు, గోత్రకథలు పాడే పర్ధాన్‌లు తరతరాలుగా గోండు కుటుంబాలతో ముడిపడినవారు. వినేవాడు దాత, చెప్పేవాడు హక్కుదారు. ఆ కథకు పూజో, చావో, జాతరో సందర్భం కావాలి. పుష్య అమావాస్యనాడు మొదలయ్యే కేస్లాపూర్ నాగోబా జాతరలో మెస్రం వంశపు కొత్త కోడళ్లను దేవుడికి పరిచయం చేస్తారు. ఏ వంశంలో అడుగుపెట్టిందో, ఎవరు తనకు ఏ వరసో ఆ కోడలు తెలుసుకునేది పుస్తకంలో కాదు, ఆ గుంపులో నిలబడి.

ఈ ఏర్పాటుకు ఆర్థిక పునాది ఉంది. దాత భూమి పోగొట్టుకుంటే పర్ధాన్‌కు పోషణ పోతుంది. తిండి పెట్టని పాటను కొడుకు నేర్చుకోడు. మరోపక్క మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1940లలో ఇక్కడ సేకరించిన విషయాలు 1948లో లండన్‌లో ఇంగ్లీషు గ్రంథంగా అచ్చయ్యాయి. ఆయన తీసిన ఛాయాచిత్రాలూ లండన్ చేరాయి. తాత ముఖం చూడాలన్నా మనవడు పరాయి భాషలో వెతకవలసిందే.

2006లో జయధీర్ తిరుమలరావు బృందం గుంజాల గ్రామంలోని గోండి లిపి రాతప్రతులను బయటి లోకం దృష్టికి తెచ్చింది. 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. ఇది గొప్ప విషయమే. అయితే ఆ రాత చదవగల వృద్ధులు ఊళ్లో ముందునుంచే ఉన్నారు. వారి నుంచి పిల్లలకు అందితేనే అది వారసత్వం; లేకుంటే యంత్రంలో దాగిన అక్షరాల పట్టిక మాత్రమే.

ఎం.ఏ. తరగతుల్లో జానపద సాహిత్యానికి ‘అజ్ఞాతకర్తృకం’ అనే లక్షణం మేం వల్లించాం. పర్ధాన్ గాథకు ఆ మాటను యథాతథంగా అంటించలేం. ఎవరు పాడారో, ఏ ఇంటికి పాడారో ఊరందరికీ తెలుసు. అజ్ఞాతం మన పుస్తకాల్లోకి వచ్చాకే మొదలవుతుంది.

గిరిజన గాథలు సేకరించే రచయితలను, పరిశోధక విద్యార్థులను నేను అడిగేవి రెండే ప్రశ్నలు. పాడినవాడి పేరు, అతని ఇష్టప్రకారం, మీ పుస్తకంలో ఉందా? ఆ పాట తిరిగి ఆ ఊరికి, ఆ భాషలో చేరిందా? ఈ రెండూ లేని సేకరణ ఎంత పాండిత్యంతో చేసినా మరొకరి ఇంటిని ఖాళీ చేయడమే.