రంగు లేని చిత్రములు

పచ్చని చీరకు ఎఱ్ఱని యంచు నెంచుకొను కన్ను మనకందఱకును గలదు. వడ్రంగికిని అట్టి కన్నే కావలయును. 18వ శతాబ్దమున మన విశాఖపట్టణపు పనివారు నల్లని కఱ్ఱయందు తెల్లని దంతమును పొదిగి చేసిన పెట్టెలును కుర్చీలును సీమకుఁ దరలిపోయినవి. దంతమైనను లేక, కఱ్ఱకుఁ గఱ్ఱనే పొదిగి చేసిన పీఠములు ఇటలీదేశమున బెర్గామో నగరపు సాంతా మరియా మజ్జోరె దేవాలయమునఁ గలవు.

అర్చకులును గాయకులును కూర్చుండు ఆ పీఠములకై 1524లో లోరెంజో లోట్టో యను చిత్రకారుని బైబిలు కథలకుఁ జిత్తులు వ్రాయుమని నియమించిరి. కొయ్యపని లోవెరె వాఁడైన కాపొఫెర్రిది.

ఇట్టి పనిలోఁ గుంచె ప్రధానము కాదు. ముదురువన్నెగల అక్రోటు కఱ్ఱ నీడయగును. పాలిపోయిన కఱ్ఱ ముఖమగును. పలుచని చెక్కలను బొమ్మ ప్రకారము కోసి, సందు కనఁబడకుండ సరేసుతో నంటింతురు. బుగ్గపైఁ గ్రమముగఁ జిక్కనగు నీడ కావలెనన్న, ముక్క యంచును వేఁడి యిసుకలోఁ గొంచెము సేపుంచి కమరఁజేయుదురు. క్షణ మెక్కువైన బొగ్గే! నిప్పులపై నప్పడము కాల్చునపుడు మనకుఁ దెలిసిన భయమే యిది. కాని అప్పడము పోయిన మఱియొకటి గలదు; అదే వన్నె, అదే చాఱ గల చెక్క మరల దొరకుట యెట్లు?

1525 చివర లోట్టో వెనిసుకుఁ బోయెను. అటుపైఁ జిత్తులు దూరమునుండియే వచ్చుచుండెను, వానివెంట నుత్తరములును. మూల్యము చాలదని యాతఁడు నొచ్చుకొనెను; చిత్తులను దిరిగి పంపుఁడని పట్టుపట్టెను. ఆ కోరిక న్యాయమే. అయినను నేఁడు పేరెక్కువగ నాతనికే దక్కినది. కాగితముపై గీఁత గీచిన చేతిని దలఁచువారు, ఆ గీఁత వెంబడి కఱ్ఱను గోసిన చేతిని మఱచుట నాకు సరిగాఁ దోఁపదు.

జనుల కెదురుగ నాల్గు పెద్ద పలకలున్నవి: ఎఱ్ఱసముద్రము దాఁటుట, నోవహు ఓడ, దావీదు గొల్యాతుల పోరు, యూదితు కథ. తన యూరిని ముట్టడించిన సేనాపతిని సంహరించిన వితంతువు యూదితు. ఆమెను దేవాలయమున నట్టి చోట నిలిపిరి. ఈ పలకలకు మూఁతలును గలవు. వానిపైనను చెక్కపొదుగు పనియే, కాని బొమ్మలు పొడుపుకథలవంటివి.

పీఠములన్నియు ముగియకమునుపే 1534లో కాపొఫెర్రి కన్నుమూసెను. మిగిలినపని యితరులు చేసిరి.