ఆఖరి ఆరు వారాల తీర్పులు

భారత ప్రధాన న్యాయమూర్తి పదవి చేపట్టిన తొలి తెలుగువాడు కోకా సుబ్బారావు. రాజమండ్రిలో పుట్టిన ఆయన ఆ పదవిలో ఉన్నది 1966 జూన్ 30 నుంచి 1967 ఏప్రిల్ 11 వరకే. పది నెలలైనా నిండలేదు. అయితే దిగిపోయే ముందు, సరిగ్గా ఆరు వారాల తేడాతో రెండు గొప్ప తీర్పులు రాసి వెళ్లారు.

మొదటిది 1967 ఫిబ్రవరి 27 నాటి గోలక్‌నాథ్ తీర్పు. పంజాబ్‌లోని ఒక కుటుంబానికున్న 500 ఎకరాల పైచిలుకు భూమి మీద మొదలైన తగాదా రాజ్యాంగ ప్రశ్నగా మారింది. అప్పటికి సుప్రీంకోర్టు చరిత్రలో అదే అతిపెద్ద ధర్మాసనం: 11 మంది. ప్రాథమిక హక్కులకు కోతపెట్టే అధికారం పార్లమెంటుకు లేదని 6-5తో తేలింది. ఇందులో అసలు విశేషం మరొకటి. ఆ మాట పాత సవరణలకూ వర్తిస్తే దేశమంతటా భూసంస్కరణలు తలకిందులవుతాయి. అందుకే సుబ్బారావు తన తీర్పు ఇకమీదటి సవరణలకే వర్తిస్తుందన్నారు. మన దేశంలో ఈ పద్ధతికి అదే తొలిసారి. హక్కులనూ కాపాడి, జరిగిపోయిన మేలునూ చెడగొట్టని ఆ నేర్పు నాకెప్పుడూ అబ్బురమే.

1973లో కేశవానంద భారతి కేసులో 13 మంది కూర్చోవడంతో ధర్మాసనం రికార్డు చెరిగిపోయింది. గోలక్‌నాథ్ తీర్పునూ కొట్టేశారు. కానీ పార్లమెంటు సవరణాధికారానికి హద్దు ఉందన్న మాట మరో రూపంలో నిలిచింది.

సుబ్బారావు రెండో తీర్పు 1967 ఏప్రిల్ 10న వచ్చింది. దీన్ని తలచుకునేవాళ్లు తక్కువ. అప్పట్లో పాస్‌పోర్టు ఇవ్వడం, వెనక్కి తీసుకోవడం ప్రభుత్వం ఇష్టం. దానికంటూ చట్టమే లేదు. ఇచ్చిన పాస్‌పోర్టులు తిరిగి అప్పగించమన్నందుకు సత్వంత్ సింగ్ సాహ్నీ అనే వ్యాపారి కోర్టుకెక్కారు. విదేశాలకు వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని, చట్టం లేకుండా దాన్ని అడ్డుకోరాదని సుబ్బారావు రాశారు. ఇక్కడా ఒక్క ఓటే తేడా, 3-2. ఆ ఏడాదే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. ఇంటికొకరు పరదేశంలో ఉన్న మన ఊళ్లలో ఈ తీర్పు గురించి పిల్లలకు చెప్పాలి.

ఆ మర్నాడే ఆయన రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల బరిలో దిగారు. ప్రధాన న్యాయమూర్తి పదవి వదిలి అలా పోటీ చేసినవారు మరొకరు లేరు. 17 మంది పోటీపడితే తొమ్మిది మందికి ఒక్క ఓటూ రాలేదు. జాకీర్ హుస్సేన్‌కు 4,71,244, సుబ్బారావుకు 3,63,971 వచ్చాయి. ప్రధాన న్యాయమూర్తి కుర్చీలో మళ్లీ తెలుగువారు, ఎన్.వి. రమణ, కూర్చునేసరికి 2021 వచ్చింది.