బెంగను ఏ భాషలో చెప్పుకోవాలి?

సోమవారం పొద్దున కడుపునొప్పి. ఆదివారం ఆ నొప్పి ఉండదు. పరీక్షల వారంలో తలనొప్పి, సెలవులివ్వగానే మాయం. పిల్లల డాక్టరు పరీక్షలన్నీ చేయించి 'ఏమీ లేదు' అని చెప్పాక ఇలాంటి పిల్లలను మానసిక వైద్యుల దగ్గరికి తీసుకొస్తారు. 'బడి ఎగ్గొట్టడానికి నాటకాలండీ' అంటారు వెంట వచ్చిన పెద్దలు. చాలాసార్లు అది నాటకం కాదు, ఆ నొప్పి నిజమే. భయం కలిగినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె దడదడలాడుతుంది, కడుపులో తిప్పుతుంది. మెదడుకూ పేగులకూ నేరుగా నరాల సంబంధం ఉంది. మనసులో ఉన్నదానికి మాట దొరకనప్పుడు అది కడుపునొప్పిగానో తలనొప్పిగానో బయటపడుతుంది.

ఇది ఏ భాషవారి పిల్లలకైనా వచ్చేదే. కానీ తెలుగు రాష్ట్రాల బయట తెలుగు బడుల్లో చదివే పిల్లల విషయంలో తల్లిదండ్రులు ఒక ప్రశ్న అదనంగా అడుగుతారు: 'తెలుగు మాన్పించేస్తే వీడికి కాస్త తెరిపిగా ఉంటుందా డాక్టరుగారూ?'

ఆ ప్రశ్న ఎందుకొస్తుందో అర్థం చేసుకోవచ్చు. హోసూరు పిల్లవాడు తెలుగు, తమిళం, ఇంగ్లిష్ మూడు లిపుల్లో రాయాలి. బళ్లారిలో కన్నడం, బరంపురంలో ఒడియా, షోలాపూర్‌లో మరాఠీ వచ్చి చేరతాయి. ఊరంతా తెలుగే మాట్లాడే యానాం పిల్లవాడికైనా పైచదువుకు పుదుచ్చేరి వెళితే చుట్టూ తమిళమే. తమిళనాడులో 2006 చట్టంతో తమిళం తప్పనిసరి పాఠ్యాంశమయ్యాక పదో తరగతి పరీక్ష విషయమై ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగిన సంగతి అక్కడి తల్లిదండ్రులకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఆ గుబులు పెద్దల్లో ఉంటే పిల్లలకు అంటకుండా ఎలా ఉంటుంది?

అయినా జవాబు 'వద్దు' అనే. రెండు మూడు భాషలు నేర్చుకున్నంత మాత్రాన పిల్లల మనసు దెబ్బతినదు. బడి మార్చడానికి మీకు వేరే కారణాలుంటే అది మీ ఇష్టం. కానీ మనసు బాగుపడుతుందని ఇంట్లో తెలుగు మానేస్తే, పిల్లలు తమ బాధ చెప్పుకోగలిగిన భాషనే తీసేసుకున్నట్టవుతుంది.

ఒక్క 'టెన్షన్' సరిపోదు

ఎలా ఉందని అడిగితే చాలామంది పిల్లలు రెండే మాటలు చెబుతారు: 'టెన్షన్', 'బోర్'. వాటితో వైద్యుడికి తెలిసేది తక్కువ. మన ఇళ్లలో ఎన్ని మాటలున్నాయో చూడండి. బెంగ, దిగులు, గుబులు, బెరుకు, బిడియం, కంగారు, ఉక్రోషం, అలక. ఇవన్నీ ఒకటి కావు. అమ్మ ఊరెళ్లినందుకు వచ్చేది బెంగ. రేపు ఏమవుతుందోనన్నది గుబులు. నలుగురి ముందు నోరు పెగలకపోవడం బెరుకు. ఓడిపోయి తిరిగి ఏమీ అనలేనప్పుడు పుట్టేది ఉక్రోషం. బెంగతో పిల్లలు చిక్కిపోతారని, జ్వరం తెచ్చుకుంటారని మన బామ్మలకు ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు.

ఈ తేడా తెలిస్తే చేయాల్సిన సాయమూ తెలుస్తుంది. బెంగకు దగ్గర కూర్చోబెట్టుకోవాలి. గుబులుకు రేపటి సంగతి వివరంగా చెప్పాలి. బెరుకుకు మొదట ఇద్దరి ముందు, తర్వాత నలుగురి ముందు మాట్లాడించాలి. ఉక్రోషాన్ని కాసేపు చల్లారనివ్వాలి. బాధకు సరైన పేరు పెట్టగలిగితే ఆ బాధ తీవ్రత కొంత తగ్గుతుందని మెదడు మీద జరిగిన పరిశోధనలూ చెబుతున్నాయి.

కాబట్టి రాత్రి అన్నాల దగ్గర 'ఎన్ని మార్కులొచ్చాయి?' అని అడిగే ముందు 'ఇవాళ దేనికైనా కంగారు పడ్డావా?' అని అడగండి. ఉపాధ్యాయులకు మరో మనవి. పిల్లవాడు ఏడుస్తూ చెప్పేటప్పుడు సగం కన్నడమో తమిళమో కలిసిన తెలుగే వస్తుంది. అప్పుడు వాక్యం దిద్దకండి. భాషను రేపు తెలుగు పీరియడ్‌లో దిద్దవచ్చు.

తిట్టు కూడా సొంత భాషలోనే తగులుతుంది

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. తుర్కీ మాతృభాషగా పెరిగి, తర్వాత ఇంగ్లిష్ నేర్చుకున్న వారిపై జరిగిన పరిశోధన ఒకటి 2003లో ప్రచురితమైంది. చిన్నప్పుడు పెద్దలు మందలించే మాటలను రెండు భాషల్లోనూ వినిపించి, భావోద్వేగం కలిగినప్పుడు చర్మంలో వచ్చే మార్పును కొలిచారు. ఇంగ్లిష్ మందలింపు కంటే తుర్కీ మందలింపుకే ఒళ్లు ఎక్కువగా స్పందించింది. అంటే పెద్దయ్యాక కూడా అమ్మభాషలో విన్న మందలింపు అంత లోతుకు దిగుతుంది.

మన పిల్లలు తరచూ వినే మాట ఒకటుంది: 'నీకు ఏ భాషా సరిగ్గా రాదు.' బజార్లో వాళ్ల తమిళానికో మరాఠీకో తోటి పిల్లలు నవ్వుతారు. పండక్కి ఆంధ్రా వైపు చుట్టాలింటికి వెళితే వాళ్ల తెలుగుకు నవ్వుతారు. ఇంట్లోనూ బడిలోనూ అదే మాట పడితే పిల్లవాడికి నిలబడే చోటే ఉండదు. తప్పు దిద్దడం వేరు, మనిషినే తీసిపారేయడం వేరు. 'ఈ ఒత్తు తప్పు, మళ్లీ రాయి' అంటే సరిపోతుంది.

ఏది మామూలు, ఏది కాదు

కొత్త భాష వినిపించే బడిలో చేరిన పిల్లలు కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు నోరు విప్పకపోవచ్చు. వాళ్లు వింటూ నేర్చుకుంటున్నారు, అది జబ్బు కాదు. కానీ ఇంట్లో గలగలా మాట్లాడే పిల్ల, భాష బాగా వచ్చి ఉండీ, బడిలో తెలుగు టీచరుతో కూడా నెల దాటినా ఒక్క మాట మాట్లాడకపోతే అది ఆందోళనకు సంబంధించిన సమస్య కావచ్చు. బలవంతంగా మాట్లాడించకూడదు. నిపుణులకు చూపించాలి.

చదవడంలోనూ ఇలాంటి తేడా ఉంది. తెలుగు చక్కగా చదువుతూ ఒడియానో తమిళమో మాత్రమే తడబడితే ఆ లిపికి ఇంకా అలవాటు కావాలని అర్థం. తగినంత బోధన దొరికినా తెలుగుతో సహా అన్ని లిపుల్లోనూ అక్షరాలు కూడబలుక్కుంటూ ఉంటే డిస్‌లెక్సియా ఉందేమో పరీక్ష చేయించాలి. మూడు భాషల భారం అని సరిపెట్టుకుంటే విలువైన ఏళ్లు పోతాయి. బద్ధకమని కొడితే ఇంకా నష్టం.

నిద్ర సంగతి కూడా చూడండి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటలు, ఆపై పిల్లలకు 8 నుంచి 10 గంటలు నిద్ర కావాలి. ట్యూషన్ మీద ట్యూషన్ పెట్టి నిద్ర కోసేస్తే చిరాకు, మతిమరుపు, ఏడుపు వస్తాయి. ముందు నిద్ర సరిచేస్తే సగం ఫిర్యాదులు వాటంతటవే తగ్గే పిల్లలూ ఉన్నారు.

డాక్టరు దగ్గర పిల్లను మాట్లాడనివ్వండి

ప్రభుత్వాసుపత్రిలో డాక్టరు స్థానిక భాషలో అడిగితే, తండ్రి అనువాదం చేస్తారు. పిల్ల 'నాకు బతకాలని లేదు' అంటే ఆయన బెదిరిపోయి 'కొంచెం డల్‌గా ఉందట' అని చెబుతారు. అది ప్రేమే, కానీ వైద్యుడికి అసలు విషయం అందదు. వీలైతే తెలుగు వచ్చిన డాక్టరునో నర్సునో అడగండి. లేదా ఇంట్లోవాళ్లు కాని, రెండు భాషలూ తెలిసిన నమ్మకమైన మనిషిని వెంట తీసుకెళ్లండి. పిల్ల మాటను ఉన్నది ఉన్నట్టు చెప్పమనండి. అలా అడగడం గొంతెమ్మ కోరిక కాదు. చికిత్సకు సమ్మతి తీసుకునేటప్పుడు వివరాలు రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే అంటోంది.

ఆలస్యం చేయకూడని వేళ

నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి మానసిక సమస్యలు కనిపించాయి. అంటే నలభై మంది ఉన్న ఉన్నత పాఠశాల తరగతిలో సుమారు ముగ్గురు. పెద్దల్లో వచ్చే మానసిక రుగ్మతల్లో సగం పద్దెనిమిదేళ్ల లోపే మొదలవుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి ఈ గుర్తులు కనిపిస్తే వేచి చూడకండి:

- రెండు వారాలు దాటినా తగ్గని దిగులు, ఆటల మీద ఆసక్తి పోవడం
- తిండి, నిద్ర బాగా తగ్గడం లేదా పెరగడం
- బడికి వెళ్లనని రోజూ మొండికేయడం, స్నేహితులకు దూరం కావడం
- చేతులు కోసుకోవడం లాంటి గాయాలు చేసుకోవడం
- 'నేను లేకపోతే మీకు హాయి' అనే ధోరణి మాటలు

చివరి రెండూ కనిపిస్తే ఆ రోజే స్పందించాలి. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని నెమ్మదిగా, నేరుగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టదు. చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునంటే పిల్లను ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, మాత్రలు అందకుండా దాచండి. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది. తెలుగులో మాట్లాడవచ్చు. మీరున్నది కర్ణాటకైనా మహారాష్ట్రైనా, తెలుగులో మాట్లాడతామని ముందే చెప్పండి. ఆ నంబరును బడి నోటీసు బోర్డు మీద, పదో తరగతి గది గోడ మీద తెలుగులోనే రాసి పెట్టండి. అవసరమైన పిల్ల ఎవరినీ అడగకుండానే చూసుకోగలగాలి.