డిమెన్షియా ఎక్కువగా ఎవరికి? డే కేర్ అందేది ఎవరికి?

మా నానీని మొదటిసారి మతిమరుపు టెస్టుకి తీసుకెళ్లినప్పుడు "ఈ రోజు తారీఖు ఎంత?" అని అడిగారు. నానీ తడుముకోకుండా "రజబ్ నెల నడుస్తోంది, నిన్ననే జుమ్మా అయింది" అంది. నిజమే. కానీ కాగితం మీద సున్నా పడింది. తర్వాత ఒక వాక్యం రాయమన్నారు. నానీ బడికి వెళ్లలేదు. ఖురాన్ చదవడం వచ్చు, రాయడం రాదు. ఇంకో సున్నా.

నానీకి జబ్బు ఉందన్నది నిజమే. నమాజులో ఎన్ని రకాతులు అయ్యాయో మర్చిపోయేది, కూరలో రెండుసార్లు ఉప్పు వేసేది. కానీ మార్కులు పోయింది జబ్బు వల్ల మాత్రమే కాదు, చదువు లేకపోవడం వల్ల కూడా. ఈ జబ్బులో పేదకీ ఉన్నవాళ్లకీ మధ్య తేడా అక్కడే మొదలవుతుంది.

ఎవరికి ఎక్కువ?

డిమెన్షియా అంటే వయసుతో వచ్చే మామూలు మతిమరుపు కాదు. తాళంచెవి ఎక్కడ పెట్టామో మర్చిపోవడం అందరికీ ఉంటుంది. తాళంచెవి దేనికో తెలియకపోవడం వేరు. జ్ఞాపకం, మాట, దారి గుర్తుపట్టడం, రోజువారీ పనులు మెల్లగా దెబ్బతింటాయి. దీనికి ఎక్కువగా కారణం అల్జీమర్స్.

2023లో వచ్చిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. మగవాళ్లలో ఇది 5.8 శాతం, ఆడవాళ్లలో 9 శాతం. పట్టణాల్లో 5.3 శాతం, పల్లెల్లో 8.4 శాతం. చదువు తక్కువ ఉన్నవాళ్లలో ఎక్కువ.

ఇది తలరాత కాదు. చిన్నప్పుడు చదువు అందకపోవడం, బీపీ, షుగర్, వినికిడి తగ్గడం, చూపు మందగించడం, పొగతాగడం, ఒంటరితనం లాంటి 14 కారణాలను 2024లో లాన్సెట్ కమిషన్ గుర్తించింది. వీటిని సరిచేయగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం కేసులను ఆపవచ్చు, లేదా ఆలస్యం చేయవచ్చు అని చెప్పింది.

డే కేర్ ఏం చేస్తుంది?

పొద్దున దింపి సాయంత్రం ఇంటికి తెచ్చుకునే చోటు ఇది. వృద్ధాశ్రమం కాదు, అమ్మానాన్నల్ని వదిలేయడం అసలే కాదు. అక్కడ చిన్న చిన్న కసరత్తులు, పాటలు, కబుర్లు, వేళకి తిండి, మందులు ఉంటాయి. ఇంట్లో చూసుకునేవాళ్లకి కొన్ని గంటలు ఊపిరి ఆడుతుంది. పెద్దవాళ్లని డే కేర్‌కి పంపిన రోజుల్లో చూసుకునేవాళ్ల మీద ఒత్తిడి తగ్గుతుందని అమెరికాలో స్టీవెన్ జారిట్ బృందం చేసిన అధ్యయనాల్లో తేలింది.

మరి ఎవరికి అందుతోంది? ఇలాంటి కేంద్రాలు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉన్నాయి. జబ్బు ఎక్కువ ఉన్నది పల్లెల్లో. ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ లాంటి పథకాలు ముఖ్యంగా ఆసుపత్రి చికిత్స కోసం. పగటిపూట చూసుకునే ఖర్చు వాటిలోకి రాదు. కాబట్టి ఫీజు ఇంటివాళ్లదే. పైగా దారి గుర్తులేని మనిషిని బస్సు ఎక్కించి పంపలేం. ఆటో ఖర్చు, తోడు వెళ్లే మనిషి కావాలి.

నేను కామర్స్ చదివాను కాబట్టి లెక్క వేసి చూస్తాను. డే కేర్‌కి డబ్బులేని ఇంట్లో ఖర్చు సున్నా అనుకుంటాం. నిజానికి ఆ ఖర్చు కోడలి కుట్టుమిషన్ ఆగిపోవడంలో, కూతురు డిగ్రీ మధ్యలో మానేయడంలో ఉంటుంది. అది ఏ ఖాతా పుస్తకంలోనూ కనపడదు.

భాష కూడా వైద్యమే

మనకి సంతోషం కలిగించే సంగతి ఒకటుంది. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష వచ్చినవాళ్ల కంటే రెండు భాషలు మాట్లాడేవాళ్లకి జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలోనూ ఈ తేడా కనపడింది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మన పెద్దవాళ్లకి ఇది చిన్న మాట కాదు.

కానీ జబ్బు ముదిరేకొద్దీ చాలామంది తర్వాత నేర్చుకున్న భాషను పోగొట్టుకుని అమ్మభాషకి వెళ్లిపోతారు. నిన్నటిదాకా తెలుగులో బేరమాడిన దాదీ ఇప్పుడు ఉర్దూలో పిలిస్తేనే పలకవచ్చు. ఆ భాష రాని చోట ఆమె మౌనాన్ని జబ్బు ముదిరిందని రాసుకుంటారు. వుజూకి, నమాజుకి చోటు లేకపోయినా, తిండి హలాలో కాదో తెలియకపోయినా ఇంటివాళ్లు పంపడం మానేస్తారు.

మనం చేయగలిగింది

• "ఉమర్ హో గయీ" అని వదిలేయకండి. టెస్టు మీ పెద్దవాళ్ల భాషలో, వాళ్ల చదువుకి తగినట్టు చేయమని అడగండి. ఐసీఎంఆర్ తయారు చేయించిన పరీక్షల కిట్ తెలుగులో కూడా ఉంది.
• బీపీ, షుగర్, చెవి, కళ్లు చూపించండి.
• డే కేర్‌కి వెళ్లేముందు ఐదు సంగతులు అడగండి: ఫీజు ఎంత, రాయితీ ఉందా, వాహనం ఉందా, ఉర్దూ వచ్చిన సిబ్బంది ఉన్నారా, తిండి సంగతి ఏంటి.
• వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి, చూసుకునేవాళ్లు మనసు అలిసిపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు.

కేరళ ప్రభుత్వం 2014లోనే ‘స్మృతిపథం’ పేరుతో డిమెన్షియాకి ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టి, డే కేర్‌ని కూడా అందులో చేర్చింది. మన రెండు రాష్ట్రాల్లోనూ జిల్లాకి ఒక్కటైనా ఉచిత కేంద్రం కావాలని అడగడం మన హక్కు. అప్పటిదాకా మస్జిద్ కమిటీలు, మహల్లా సంఘాలు వారానికి రెండు రోజులు ఒక గది, ఇద్దరు శిక్షణ పొందిన మనుషుల్ని ఏర్పాటు చేసినా, ఏదో ఒక ఇంట్లో ఆగిన కుట్టుమిషన్ మళ్లీ తిరుగుతుంది.