ఆకాశహర్మ్యాలు – రహదారులు: పశ్చిమ హైదరాబాద్ అనుభవం

(ప్రత్యేక వ్యాసం)

హైదరాబాద్ మహానగరం గత పాతికేళ్లుగా ప్రధానంగా పడమటి దిశగా విస్తరిస్తున్నది. ఒకనాడు బండరాళ్లు, సీతాఫలం పొదలు, జొన్న చేలతో కనిపించిన మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, మణికొండ, పుప్పాలగూడ, నార్సింగి, కోకాపేట ప్రాంతాలు నేడు బహుళ అంతస్తుల నివాస సముదాయాలకు నెలవుగా మారాయి. ఉపాధి అవకాశాలు పెరిగాయి. వేలాది మధ్యతరగతి కుటుంబాల సొంత ఇంటి కల నెరవేరింది. అదే సమయంలో ఉదయం, సాయంత్రం వేళల్లో ఈ ప్రాంత రహదారులపై వాహనాలు బారులు తీరడం నిత్యకృత్యమైంది.

ఈ నేపథ్యంలో “ఇంత ఇరుకు దారులున్న చోట ఇన్ని అంతస్తులకు అనుమతి ఎలా లభించింది?” అన్న ప్రశ్న తరచుగా వినిపిస్తున్నది. “నిబంధనల మేరకే అనుమతులు జారీ అయ్యాయి” అన్నది అధికారుల సమాధానం. ప్రశ్న సహేతుకమైనదే, సమాధానమూ వాస్తవమే కావచ్చు. నిబంధనలన్నీ పాటించిన తరువాత కూడా రహదారులు ఎందుకు స్తంభిస్తున్నాయో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పల్లెబాటలే ప్రధాన రహదారులు

1998 నవంబరు 22న నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. సమాచార సాంకేతిక సంస్థల రాకతో చుట్టుపక్కల గ్రామాల స్వరూపమే మారిపోయింది. 2007 ఏప్రిల్‌లో శేరిలింగంపల్లితో సహా 12 పురపాలక సంఘాలు విలీనమై గ్రేటర్ హైదరాబాద్ మహానగర పాలక సంస్థ ఏర్పడింది. 2008లో ఔటర్ రింగు రోడ్డు తొలి దశగా గచ్చిబౌలి – శంషాబాద్ మార్గం అందుబాటులోకి వచ్చింది. కాలక్రమంలో 158 కిలోమీటర్ల రింగు రోడ్డు పూర్తయింది.

ఊళ్లు నగరంలో కలిసినంత వేగంగా వాటి దారులు నగర రహదారులుగా రూపొందలేదు. ఒక ఊరి నుండి మరో ఊరికి వెళ్లే పాత బాటలే తారురోడ్లయ్యాయి, వాటి వెంటనే నిర్మాణాలు వెలిశాయి. ఈ ప్రాంత భౌగోళిక పరిస్థితి సమస్యను మరింత జటిలం చేసింది. దుర్గం చెరువు, హైదరాబాద్ విశ్వవిద్యాలయ విశాల ప్రాంగణం, కొండాపూర్ బొటానికల్ గార్డెన్, లింగంపల్లి మీదుగా సాగే రైలు మార్గం, రాతి గుట్టలు – ఇవన్నీ ఉన్నందువల్ల ఒక దిక్కు నుండి మరో దిక్కుకు నేరుగా సాగే మార్గాలు తక్కువ. ఫలితంగా వాహనాలన్నీ కొద్దిపాటి కూడళ్లకే చేరుకోవలసి వస్తున్నది.

అంతస్తులకు కొలమానం రోడ్డు వెడల్పు

స్థల విస్తీర్ణానికి ఎన్ని రెట్ల మేరకు అంతస్తుల నిర్మాణం జరపవచ్చో తెలిపే కొలమానాన్ని ఫ్లోర్ స్పేస్ ఇండెక్స్ అంటారు. దేశంలోని అనేక నగరాల్లో దీనికి గరిష్ఠ పరిమితి ఉంటుంది. హైదరాబాద్‌లో 2006 మార్చి 3న జారీ అయిన జీ.ఓ. ఎం.ఎస్. నంబరు 86 ద్వారా ఈ పరిమితి స్థానంలో మరో విధానం అమలులోకి వచ్చింది. స్థలం ముందున్న రోడ్డు వెడల్పు, భవనం చుట్టూ వదలవలసిన ఖాళీ జాగా – ఈ రెండింటిపై ఆధారపడి భవనం ఎత్తు నిర్ణయమవుతుంది.

2012 ఏప్రిల్ 7న నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జారీ అయిన జీ.ఓ. ఎం.ఎస్. నంబరు 168 ఈ సూత్రాన్నే కొనసాగించింది. ఆ ఉత్తర్వులలోని పట్టిక ప్రకారం 24 మీటర్ల ఎత్తు వరకు భవనానికి ముందు కనీసం 12 మీటర్ల రోడ్డు, 30 మీటర్ల ఎత్తు వరకు 18 మీటర్ల రోడ్డు, 45 మీటర్ల ఎత్తు వరకు 24 మీటర్ల రోడ్డు, అంతకు మించితే 30 మీటర్ల రోడ్డు ఉండాలి. వాడుక భాషలో చెప్పాలంటే ఇవి 40, 60, 80, 100 అడుగుల రోడ్లు. భవనం ఎత్తు పెరిగేకొద్దీ చుట్టూ వదలవలసిన జాగా కూడా 7 మీటర్ల నుండి 16 మీటర్లకు, ఆపైన మరింతగా పెరుగుతుంది.

ఈ విధానానికి కొన్ని సానుకూల ఫలితాలున్నాయి. భూమి పొదుపుగా వినియోగమవుతుంది, భవనాల మధ్య గాలి, వెలుతురుకు అవకాశం కలుగుతుంది, అగ్నిమాపక శకటం భవనం చుట్టూ తిరగగలుగుతుంది. కార్యాలయాలకు సమీపంలో నివాసాలు పెరగడం కూడా వాంఛనీయమే. కొండాపూర్‌లో నివసించి మాదాపూర్‌లో ఉద్యోగం చేసే వ్యక్తి ప్రయాణించే దూరం, నగరానికి ఆవలి కొసన ఉన్న ఉప్పల్ నుండి వచ్చే వ్యక్తి ప్రయాణించే దూరం కన్నా ఎంతో తక్కువ. కనుక అంతస్తులు పెరగడమే సమస్యకు మూలమని భావించడం సరికాదు.

కొలత గేటు ముందు, భారం కూడలి వద్ద

అసలు చిక్కు మరొక చోట ఉన్నది. నిబంధన కొలిచేది ప్రాంగణం ముందున్న రోడ్డును. ట్రాఫిక్ భారం పడేది ఆ రోడ్డు వెళ్లి కలిసే కూడలి మీద. అనుమతి ఒక్కొక్క స్థలానికి విడివిడిగా లభిస్తుంది, వాహనాలు మాత్రం అన్ని స్థలాల నుండి ఏకమై ఒకే దారిన ప్రయాణిస్తాయి.

దీనిని ఒక ఉదాహరణ ద్వారా పరిశీలించవచ్చు. ఒక సముదాయంలో 1,000 ఫ్లాట్లు ఉన్నాయని, ఉదయం 8 నుండి 10 గంటల మధ్య ప్రతి రెండు ఫ్లాట్లకు ఒక కారు చొప్పున బయలుదేరుతుందని అనుకుందాం. అంటే రెండు గంటల్లో 500 కార్లు, గంటకు 250. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ప్రచురించిన మార్గదర్శకాల ప్రకారం, ఎదురెదురుగా రాకపోకలు సాగే రెండు వరుసల కలెక్టర్ రోడ్డు సామర్థ్యం రెండు దిశలకూ కలిపి గంటకు 900 కార్లకు సమానమైన వాహనాలు. ఇటువంటి నాలుగు సముదాయాలు ఒకే దారిలో ప్రధాన రహదారిని చేరుకోవలసి ఉంటే వాటి కార్లే గంటకు 1,000 అవుతాయి. పాఠశాల బస్సులు, క్యాబులు, ఆటోలు, సరుకులు చేరవేసే ద్విచక్ర వాహనాలు ఈ లెక్కలోకి రాలేదు. రోడ్డు పక్కన నిలిపిన వాహనాలు, ఫుట్‌పాత్ లేక రోడ్డు మీదనే నడిచే పాదచారుల కారణంగా ఆ సామర్థ్యం ఇంకా తగ్గుతుంది.

ఆ నాలుగు సముదాయాల ముందూ నిబంధన కోరిన వెడల్పు ఉండవచ్చు. ఏ ఒక్క దస్త్రంలోనూ లోపం ఉండకపోవచ్చు. అయినా దారి మూసుకుపోతుంది. నాలుగు దస్త్రాలను ఒకచోట చేర్చి చూసినప్పుడే ఈ విషయం తేటతెల్లమవుతుంది.

రోడ్డు విస్తరణ అంచెలంచెలుగా జరగడం మరొక కారణం. విస్తరణకు ప్రతిపాదించిన రోడ్డు పక్కన నిర్మాణం చేపట్టేవారు అవసరమైన మేరకు స్థలాన్ని వదలివేస్తారు. పక్కనున్న పాత ఇంటివారు పునర్నిర్మాణానికి పూనుకునే వరకు అక్కడ రోడ్డు పాత వెడల్పులోనే ఉంటుంది. ఒక ప్రహరీ ముందు విశాలంగా కనిపించిన రోడ్డు మరుసటి ప్రహరీ వద్ద కుంచించుకుపోతుంది. రోడ్డు సామర్థ్యాన్ని నిర్ణయించేది దాని అత్యంత ఇరుకైన భాగమే అన్నది గమనార్హం.

ఇది కేవలం ఆలస్యానికి సంబంధించిన విషయం కాదు. అంబులెన్సు రావలసిన సమయానికి రాకపోతే జరిగే నష్టాన్ని ఏ పరిహారమూ పూడ్చలేదు. అగ్నిమాపక శకటం భవనం చుట్టూ తిరిగేందుకు నిబంధనలు జాగా చూపాయి, అయితే ఆ శకటం సకాలంలో గేటు వరకు చేరడం బయటి రోడ్డుపైనే ఆధారపడి ఉంటుంది. ఈ సముదాయాల్లో పనిచేసే ఇంటిపనివారు, కాపలాదారులు షేర్ ఆటోల్లో, కాలినడకన ఇదే దారిన రావలసి ఉంటుంది.

చేపట్టిన పనులు

ఈ సమస్యను ఎదుర్కొనేందుకు వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి పథకం కింద పశ్చిమ ప్రాంతంలో పలు నిర్మాణాలు జరిగాయి. 2018లో అయ్యప్ప సొసైటీ, మైండ్‌స్పేస్ కూడళ్ల వద్ద అండర్‌పాస్‌లు, మైండ్‌స్పేస్ ఫ్లైఓవర్ ప్రారంభమయ్యాయి. బయోడైవర్సిటీ కూడలి వద్ద రెండు అంచెల ఫ్లైఓవర్లు 2019, 2020 సంవత్సరాల్లో, దుర్గం చెరువు తీగల వంతెన 2020 సెప్టెంబరులో, కొత్తగూడ ఫ్లైఓవర్ 2023 జనవరిలో, శిల్పా లేఅవుట్ రెండవ దశ ఫ్లైఓవర్ 2025 జూన్‌లో వినియోగంలోకి వచ్చాయి.

వీటివల్ల ఆయా కూడళ్ల వద్ద ఉపశమనం కలిగింది. అయితే ఫ్లైఓవర్ ఒక కూడలిని దాటిస్తుంది, వాహనాల సంఖ్యను తగ్గించదు. దిగువన మరో కూడలి సిద్ధంగా లేకుంటే నిరీక్షణ అక్కడికి మారుతుంది. ఈ దృష్టితో చూసినప్పుడు లింకు రోడ్ల ప్రాధాన్యం ఎనలేనిది. కాలనీల మధ్య తెగిపోయిన దారులను కలిపే లింకు రోడ్ల నిర్మాణాన్ని 2017లో ఏర్పాటైన హైదరాబాద్ రోడ్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ చేపట్టింది. ఒక కిలోమీటరు లింకు రోడ్డు కొన్ని వందల వాహనాలను ప్రధాన కూడలికి రాకుండానే గమ్యం చేర్చగలదు.

ప్రజా రవాణా విషయానికి వస్తే, 2003 ఆగస్టులో ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు లింగంపల్లి వరకు ప్రారంభమయ్యాయి. మెట్రో రైలు 2019 మార్చిలో హైటెక్ సిటీకి, అదే సంవత్సరం నవంబరులో రాయదుర్గానికి చేరింది. ఎత్తైన భవనాలు అధికంగా వెలసినది రాయదుర్గానికి పడమట. కోకాపేటలో 2023 ఆగస్టులో జరిగిన వేలంలో ఎకరం భూమి గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షల రూపాయలు పలికింది. అంత ధర చెల్లించిన చోట నిర్మాణం దట్టంగానే ఉంటుందనడంలో సందేహం లేదు. రాయదుర్గం నుండి కోకాపేట నియోపోలిస్ వరకు మెట్రో మార్గాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2024లో రెండవ దశ ప్రతిపాదనలలో చేర్చింది. నివాసులు స్థిరపడి, కార్లు కొని, వాటికి అలవాటు పడిన తరువాత వచ్చే రైలు కన్నా ముందుగా వచ్చే బస్సు ఎక్కువ మేలు చేస్తుంది.

నిబంధనల్లోనే ఉన్న సాధనాలు

స్థలాన్ని చూసే నిబంధనకూ, ప్రాంతం మొత్తాన్నీ తాకే భారానికీ మధ్య అంతరాన్ని పూడ్చే సాధనాలు నిబంధనల్లోనే కొంతమేరకు ఉన్నాయి. 15 మీటర్లకు మించిన భవనాలపై నగరస్థాయి మౌలిక వసతుల ప్రభావ రుసుము వసూలు చేసే పద్ధతి 2006 నుండి ఉన్నది. ఈ మొత్తాన్ని ప్రత్యేక ఖాతాలో జమచేసి, సగభాగాన్ని అదే ప్రాంతంలో వసతుల కల్పనకు వెచ్చించాలని, ఇందుకు కార్యాచరణ ప్రణాళిక రూపొందించాలని నిబంధన నిర్దేశించింది. ఎక్కువ అంతస్తులు కట్టినవారు చెల్లించిన సొమ్ము ఆ అంతస్తుల భారం మోస్తున్న రహదారికే చేరాలన్నది దీని పరమార్థం.

నిర్మాణం పూర్తయి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ పొందే వరకు నిర్మిత విస్తీర్ణంలో 10 శాతాన్ని అనుమతి ఇచ్చిన సంస్థకు తనఖా పెట్టే నిబంధన 2012 ఉత్తర్వులలో ఉన్నది. రోడ్డుకు వదలిన స్థలం నిజంగా రోడ్డులో కలిసిందా, లేక హరిత వేదికగానో, సందర్శకుల పార్కింగుగానో మారిందా అన్నది పరిశీలించేందుకు ఇది తగిన దశ. 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మిత విస్తీర్ణం గల నిర్మాణాలకు 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ మేరకు పర్యావరణ అనుమతి కూడా అవసరం. ఆ దరఖాస్తులోనూ ట్రాఫిక్ అంశం ఉంటుంది. అక్కడ సైతం ఒక్క సముదాయాన్నే గాక, అదే దారిపై అప్పటికే అనుమతి పొందిన నిర్మాణాలన్నింటినీ కలిపి లెక్కించినప్పుడే సరైన చిత్రం లభిస్తుంది.

పరిశీలించదగిన అంశాలు

కొత్త సముదాయం గురించి వార్త రాసే పాత్రికేయులు గాని, దస్త్రం పరిశీలించే అధికారులు గాని భవనం ఎన్ని అంతస్తులన్న దానితో ఆగిపోకుండా ఈ క్రింది అంశాలను గమనించడం ప్రయోజనకరం:

1. దస్త్రంలో పేర్కొన్న రోడ్డు వెడల్పు ప్రాంగణం ముందు మాత్రమే ఉన్నదా, ప్రధాన రహదారి వరకు కొనసాగుతున్నదా?

2. అదే కూడలిపై ఆధారపడిన ఇతర సముదాయాలెన్ని? నిర్మాణంలో ఉన్న ఫ్లాట్ల సంఖ్య ఎంత?

3. ఆ ప్రాంతంలో వసూలైన ప్రభావ రుసుము ఎంత? అందులో అక్కడే వెచ్చించినది ఎంత?

4. మాస్టర్ ప్లాన్‌లో చూపిన లింకు రోడ్డు ఏ దశలో ఉన్నది?

5. నివాసులు చేరే నాటికి బస్సు సౌకర్యం, నడిచేందుకు ఫుట్‌పాత్ ఉంటాయా?

ఈ ప్రశ్నలకు కావలసిన సమాచారం ప్రణాళిక, ఇంజనీరింగ్, రెవెన్యూ, ట్రాఫిక్ పోలీసు, రవాణా విభాగాల వద్ద విడివిడిగా ఉంటుంది. వాటిని కూడలివారీగా ఒకే పట్టికలో చేర్చి ప్రజలకు అందుబాటులో ఉంచినట్లయితే ఆందోళనలు, అపోహలు రెండూ తగ్గుతాయి. ఏ కూడలి ఇంకా ఎంత భారాన్ని మోయగలదో ముందుగానే తెలిసినప్పుడు, రోడ్డు ముందు, నివాసులు తరువాత అనే క్రమాన్ని పాటించడం సాధ్యమవుతుంది.

ఇరవై ఏళ్ల బ్యాంకు రుణంతో ఫ్లాటు కొనుగోలు చేసిన కుటుంబానికీ, తరతరాలుగా అదే ఊరిలో నివసిస్తున్న కుటుంబానికీ దారి ఒక్కటే. అంతస్తుల ఎత్తును నిర్ణయించినంత శ్రద్ధగా ఆ దారి సామర్థ్యాన్ని కూడా లెక్కించడం ప్రభుత్వ విభాగాల బాధ్యత. వదలిన స్థలాన్ని రోడ్డుకే ఉంచడం నిర్మాణదారుల బాధ్యత. వాహనాలను రోడ్డుపై నిలపకుండా సహకరించడం నివాసుల బాధ్యత. ఈ మూడూ కలిసినప్పుడే పశ్చిమ హైదరాబాద్ అభివృద్ధి ఫలాలు అందరికీ సమంగా అందగలవు.